రెండు దారులకు ఒక బండి



ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత యౌవనస్థులు నన్ను అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య ఒకటి కొత్తగా చేరింది. "అయ్యగారూ, రోడ్డు మీద బాగా పోవాలి, కొండదారిలోనూ పోవాలి. మొదటిసారి కొంటున్నాను. ఏ బండి తీసుకోమంటారు?" అని అడుగుతున్నారు. నేను ఇంజనీరును కాను, బండ్ల వ్యాపారినీ కాను. అయితే పరిచర్య నిమిత్తం 2022లో అటువంటి బండినే నేనూ ఎంచుకోవలసి వచ్చింది. ఆరు నెలలపాటు చూసి, పదిమందిని అడిగి, ఎక్కి కూర్చుని, కాగితం మీద లెక్కలు వేసుకుని కొన్నాను. అప్పుడు తెలుసుకున్నవీ, ఆ తరువాత దారి నేర్పినవీ ఈ నెల రాస్తున్నాను. అబ్బాయిలతోపాటు తల్లిదండ్రులు కూడా చదవాలని నా మనవి. బండి ఎక్కేది కొడుకే అయినా, దాని వాయిదాలు కట్టేదీ, రాత్రి పొద్దుపోయేదాకా గుమ్మంలో నిలబడి ఎదురుచూసేదీ మీరే గదా.

మన దారుల సంగతి

బండిని గూర్చి మాట్లాడేముందు మన దారులను గూర్చి మాట్లాడుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, వీటి కొండ ప్రాంతాలతో 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ నాలుగు రకాల నేల తగులుతుంది. 16వ నెంబరు జాతీయ రహదారి మీద లారీల పక్కన పోవాలి. పాలకొండ, వీరఘట్టం వైపు తిరిగితే గోతులున్న తారురోడ్డు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండలెక్కితే ఎర్రమట్టి, గులకరాళ్లు, మధ్యమధ్య గెడ్డలు. ఇటు ఉద్దానం కొబ్బరితోటల్లోకి దిగితే చక్రం కూరుకుపోయే ఇసుక.

మా ఇంటి నుంచి నేను వెళ్లే చివరి కొండ ఊరు 38 కిలోమీటర్లు. అందులో 26 తారురోడ్డు, 9 గ్రావెల్ రోడ్డు, మిగిలిన 3 రాళ్లదారి. ఆ 3 కిలోమీటర్లలో రెండు గెడ్డలు దాటాలి. నా చిన్నతనంలో, 1990లలో, మా ప్రాంతపు పాస్టరుగారు సైకిలు మీద కొండ మొదలు వరకు వచ్చి, దాన్ని తెలిసినవారి చూరు కింద పెట్టి పైకి నడిచేవారు. నేనూ నా 100 సీసీ బండితో పన్నెండేళ్లు అలాగే చేశాను. ఆ బండిలో లోపమేమీ లేదు. తేలికైనది, తక్కువ తాగుతుంది, ప్రతి ఊళ్లో బాగుచేసేవారున్నారు. కాని దాని అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ జానెడైనా లేదు గనుక రాళ్లదారిలో ఇంజను అడుగు తగిలేది. వానాకాలంలో ఒకే రోజు మూడు ఊళ్లు చూడవలసి వచ్చినప్పుడు, పైన ఎవరికో జబ్బుగా ఉందని చీకటిపడే వేళ కబురు వచ్చినప్పుడు, నడకకు సమయం చాలేది కాదు.

యౌవనస్థులారా, మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. మీ దారిలో రాళ్లదారి ఎంత? నెలకు ఎన్నిసార్లు దానిమీద పోతారు? సంవత్సరానికి ఒకసారి స్నేహితులతో ఆడలి కొండ చూసి రావడానికే అయితే, ఇప్పుడు ఇంట్లో ఉన్న బండి చాలు. అద్దాల షోరూములో నిలబెట్టిన బండి అందంగానే ఉంటుంది. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఈ బండి ఎలాంటిది

రోడ్డుకూ అడవిదారికీ కలిపి చేసిన బండిని కంపెనీవారు డ్యూయల్ స్పోర్ట్ అంటారు. 1968లో యమహావారు తెచ్చిన డీటీ-1 అనే 250 సీసీ బండితో ఈ రకం ప్రపంచంలో ప్రజల చేతుల్లోకి వచ్చింది. మన దేశంలో చాలాకాలం ఇది లేదు. మన పెద్దలు రాజ్‌దూత్ మీదా, బుల్లెట్ మీదా, ఆ తరువాత ఆర్ఎక్స్ 100 మీదా ఇవే కొండలెక్కారు. 2011లో హీరోవారు ఇంపల్స్ అనే 150 సీసీ తరగతి బండి తెచ్చారు గాని అది ఎక్కువకాలం నిలవలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 సీసీతో వచ్చింది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చిన తరువాతనే మనవంటి మధ్యతరగతి వారికి ఇది అందుబాటులోకి వచ్చింది.

మామూలు బండికీ దీనికీ తేడా ఏమిటి? ముందు చక్రం పెద్దది, 21 అంగుళాలు. చిన్న చక్రం గోతిలో దిగబడే చోట పెద్ద చక్రం దొర్లిపోతుంది. చక్రాలకు సైకిలుకు ఉన్నట్టు పుల్లలుంటాయి. రాయి గట్టిగా తగిలితే అల్లాయ్ చక్రం పగిలిపోవచ్చు. పుల్లల చక్రం వంగుతుంది, వంగినదాన్ని సరిచేయించుకోవచ్చు. ట్యూబు ఉంటుంది గనుక దారిలో పంక్చరు పడితే మన సైకిలు షాపువాడైనా అతికిస్తాడు. ముందు ఫోర్కు, వెనుక షాక్ అబ్జార్బరు ఎక్కువగా కుదించుకుని మళ్లీ సాగుతాయి. ఎక్స్‌పల్స్ 200కు నేల నుంచి అడుగు వరకు 220 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది.

ఇవన్నీ ఊరకే రావు. చక్రం పెరిగి, షాక్ అబ్జార్బరు పెరిగి, అడుగు పైకి లేస్తే సీటు కూడా పైకి లేస్తుంది. మొదటిసారి కొనేవారికి చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నేలకు అందని కాళ్లు

నా ఎత్తు అయిదడుగుల అయిదు అంగుళాలు. మనలో చాలామంది అంతే. నా పాత బండి సీటు 785 మిల్లీమీటర్లు, రెండు పాదాలూ నిండుగా నేలమీద ఆనేవి. ఎక్స్‌పల్స్ 200 సీటు 823 మిల్లీమీటర్లు. దానిమీద కూర్చుంటే మునివేళ్లే ఆనాయి. ఒక పక్కకు కొంచెం జరిగి కూర్చుంటే ఒక పాదం బాగా ఆనింది. మొదట భయం వేసింది గాని, ఒక పాదం ఆనితే చాలునని వారంలో తెలిసింది. ఈ బండి మీద రెండు కాళ్లూ ఒకేసారి దించే అవసరం అరుదు. ఏ పక్క నేల ఎత్తుగా ఉందో ముందే చూసుకుని ఆ పక్క కాలు దించాలి.

షోరూములో నున్నటి గచ్చు మీద కూర్చుని చూడడం చాలదు. ఏటవాలుగా ఉన్నచోట, రోజూ మీరు వేసుకునే చెప్పులతో కాదు, బూట్లతో కూర్చుని చూడండి. వెనుక మనిషిని ఎక్కించుకుని చూడండి. కాళ్లు అందకపోతే ఆ బండి ఎంత పేరున్నదైనా అది మీ కొలతకు కుట్టిన చొక్కా కాదు. 2024 చివరలో మన దేశానికి వచ్చిన కవాసకి కెఎల్ఎక్స్ 230 అడవిదారికి తేలికైన మంచి బండే, 139 కిలోలే. కాని సీటు 880 మిల్లీమీటర్లు. నావంటివాడు దాన్ని ఎక్కడానికి అరుగు వెతుక్కోవాలి.

పడితే లేపేది ఎవరు?

మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. చదువు తక్కువే గాని బండి చప్పుడు విని జబ్బు చెప్పగలడు. నేను ఎక్స్‌పల్స్, హిమాలయన్ రెండింటి మధ్య తేల్చుకోలేకుండా ఉన్న రోజుల్లో ఆయన నాతో ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, కొత్తలో అందరూ గుర్రం ఎంత పరిగెడతాదో సూత్తారు. పడిపోతే లేపేది ఎవులో సూడరు. తవరు కొండమీదికి ఒక్కరే ఎల్తారు గదా బావు!"

ఆ రోజు ఆయన షెడ్డులో ఒక బ్యాంకు ఉద్యోగి హిమాలయన్ సర్వీసుకు వచ్చి ఉంది. పక్కలకు గార్డులున్నాయి గనుక యజమాని ఒప్పుకున్నాడు. పాత గోనెసంచులు పరిచి దాన్ని మెల్లగా పక్కకు పడుకోబెట్టారు. మెకానిక్ లేపే పద్ధతి చూపించాడు. ముందు ఇంజను ఆపాలి. బండి గేరులో ఉండాలి, లేకపోతే లేపేటప్పుడు దొర్లిపోతుంది. కుడిపక్కకు పడితే లేపకముందే సైడు స్టాండు దించుకోవాలి, లేకపోతే లేచిన బండి అవతలికి పడుతుంది. సీటుకు నడుము ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, మరొక చేత్తో వెనుక కడ్డీ పట్టుకుని, వీపు వంచకుండా, కాళ్ల బలంతో చిన్నచిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపాలి.

హిమాలయన్ 411 బరువు 199 కిలోలు. గచ్చు మీద ఒక్కసారి లేపగలిగాను. రెండోసారి లేపలేకపోయాను. ఎక్స్‌పల్స్ 157 కిలోలు. మూడుసార్లు లేపాను. నలభై రెండు కిలోల తేడా కాగితం మీద చిన్నదే, నడుముకు మాత్రం అది దాదాపు ఒక వడ్ల బస్తా. తడిసిన ఎర్రమట్టి ఏటవాలులో, ఫోనుకు సిగ్నలు లేనిచోట, చీకటిపడే వేళ ఆ బస్తా ఎంత బరువుంటుందో ఆలోచించుకున్నాను. ఆ సాయంత్రమే నా నిర్ణయం జరిగిపోయింది.

హిమాలయన్‌ను నేను తక్కువ చేయడం లేదు. దాని సీటు 800 మిల్లీమీటర్లే గనుక కాళ్లు బాగా అందుతాయి. జాతీయ రహదారి మీద ఇద్దరు కూర్చుని దూరం పోవడానికి, సాలూరు ఘాటు రోడ్డెక్కి కోరాపుట్ వెళ్లిరావడానికి అది హాయి. 2023 నవంబరులో వచ్చిన హిమాలయన్ 450 బలం ఇంకా ఎక్కువ, బరువు 196 కిలోలు. ఒడ్డూ పొడుగూ ఉండి, ఇద్దరు ముగ్గురు కలిసి తిరిగేవారికి అవి సరిపోతాయి. ఒంటరిగా రాళ్లదారిలో పోయేవాడు మాత్రం తన దారిలోని చెడ్డ 3 కిలోమీటర్లను బట్టి ఎంచుకోవాలి, మంచి 26 కిలోమీటర్లను బట్టి కాదు. మంచి రోడ్డు మీద ఏ బండైనా పోతుంది.

బరువు సంగతి ఉద్దానం వారికి నేను చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత కొబ్బరిచెట్లు, జీడిచెట్లు దారులకు అడ్డంగా పడి ఉన్నప్పుడు, ఇద్దరు పట్టి చెట్టు మీదుగా దాటించగలిగిన బండే ఊరికి చేరింది.

ఇంట్లోవారి మాట

బండి తెచ్చి వాకిట్లో పెట్టకముందే, తెలిసినవారి ఎక్స్‌పల్స్ మీద నా భార్యను ఎక్కించి చూశాను. ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని ఒకసారి ఆ సీటు వంకా, ఒకసారి నా వంకా చూసి, "ఏవండీ, దీనికి ముక్కాలిపీట కూడా ఇస్తారా?" అంది. నవ్వులాట మాటే గాని అందులో నిజముంది. ఎత్తైన, సన్నని సీటు మీద ఒక పక్కకు కూర్చునే స్త్రీకి ప్రయాణం కష్టం. శారీ గార్డు, పట్టుకునే కడ్డీ, కాలు పెట్టే పలక ఉన్నాయో లేదో తప్పక చూడండి. సోకు కోసం వాటిని ఊడదీయించే కుర్రవాళ్లను చూస్తున్నాను. మీ తల్లి చీర చెంగు చక్రంలో పడకుండా కాపాడేది ఆ గార్డే.

నేను పాత 100 సీసీ బండిని అమ్మలేదు. అమ్మితే వచ్చేది కొద్ది మొత్తమే. ఊళ్లో సంతకూ, బడికీ, భార్యతో పెళ్లిళ్లకూ అదే వెళుతుంది. కొండకు కొత్తది వెళుతుంది. ఇంటికి ఒకే బండి ఉండగలిగితే, దానిమీద ఎక్కే అందరినీ కూర్చోబెట్టి చూసిన తరువాతనే కొనండి.

కూర్చుని లెక్క చూసుకోవడం

లూకా సువార్త 14వ అధ్యాయంలో మన ప్రభువు చెప్పిన గోపురం కట్టబోయే మనిషి గుర్తున్నాడు గదా. పునాది వేయకముందే కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలి. బండి ధర ఒక్కటే ఖర్చు కాదు. రిజిస్ట్రేషను, బీమా, హెల్మెట్టు, బూట్లు, ఏటేటా టైర్లు, చైను, స్ప్రాకెట్లు అన్నీ ఉంటాయి. రాళ్లదారిలో చైను, టైర్లు తొందరగా అరుగుతాయి. మట్టిలో పట్టు కోసం పెద్ద గళ్ల టైర్లు వేయించుకుంటే తారురోడ్డు మీద ఇంకా వేగంగా అరుగుతాయి, తడి తారు మీద పట్టు తగ్గుతుంది. రెండు దారులకూ మధ్యస్థంగా ఉండే టైరే మొదటిసారి కొనేవారికి మేలు.

పన్నును కూడా లెక్కలో వేసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 350 సీసీ దాటినవాటికి 40 శాతం అయింది. మొదటి బండికి 200 సీసీ చాలునని చెప్పడానికి ఇప్పుడు ఇది మరొక కారణం.

మా సంఘ పెద్దలు ప్రేమతో, "చందా ఎత్తుతాం, పెద్ద బండే తీసుకోండి అయ్యగారూ" అన్నారు. వారి ప్రేమకు కృతజ్ఞుడను. కాని ఆ చందా ఇచ్చేవారిలో ఉపాధి పనికి వెళ్లేవారున్నారు, జీడిపిక్కలు ఒలిచే స్త్రీలున్నారు. ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే డోలీ కట్టి రోడ్డు వరకు మోసుకొచ్చే కుటుంబాలున్నాయి. ప్రభుత్వం 2018లో గిరిజన గ్రామాలకు మోటారుసైకిలుకు తొట్టె తగిలించిన ఫీడర్ అంబులెన్సులు తెచ్చినా, డోలీ ఇంకా మన కొండల్ని విడిచిపోలేదు. వారి ఊరికి నేను వెళ్లేది వారి కష్టంలో నిలబడడానికి, బండి చూపించడానికి కాదు. నా జీతంతో నేను బాగుచేయించుకోగలిగిన బండే నాకు తగినదని చెప్పి, రెండేళ్లు వాడిన ఎక్స్‌పల్స్ 200 తీసుకున్నాను.

పాత బండి కొనేవారు కొన్ని తప్పక చూడాలి. ముందు ఫోర్కు గొట్టాల మీద ఆయిలు కారుతోందా? చక్రాన్ని పైకెత్తి తిప్పితే వంకర తిరుగుతోందా? హ్యాండిలు అటూ ఇటూ తిప్పితే మధ్యలో పట్టేసినట్టుందా? ఇంజను అడుగున రాయి తగిలిన పగుళ్లున్నాయా? మన సరిహద్దు ఊళ్లలో ఒడిశా నెంబరు బండ్లు చవకగా వస్తాయి. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, మళ్లీ రిజిస్టరు చేయించే ఖర్చు కలుపుకుంటే ఆ చవక ఎంత మిగులుతుందో చూసుకోండి. పేరు మారకుండా డబ్బు చేతులు మారనివ్వవద్దు. అప్పు చేసి పప్పుకూడు తినవద్దని మన సామెత. ఎకరం పొలం తాకట్టు పెట్టి బండి కొనే కుర్రవాడికి ఆ సామెత ఎవరో ఒకరు చెప్పాలి.

ప్రాణం సంగతి

ఇప్పుడు నేను అసలు చెప్పదలచిన మాట. నా సేవలో ముగ్గురు యౌవనస్థులకు సమాధి కార్యక్రమం జరిగించాను, ముగ్గురూ బండి ప్రమాదాల్లోనే పోయారు. ముగ్గురి తలమీదా హెల్మెట్టు లేదు. ఒకరి బండికి వారం క్రితమే కొబ్బరికాయ కొట్టినంత కొత్తదనం ఉంది. ఆ తల్లులను ఓదార్చడానికి నా దగ్గర ఉన్న మాటలు చాలలేదు.

అందుచేత బండికి దాచిన డబ్బులో ముందుగా కొంత తీసి పక్కన పెట్టండి. ఆ డబ్బుతో బండి కంటె ముందు హెల్మెట్టు కొనండి. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ద్విచక్ర వాహనాల హెల్మెట్టుకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. రోడ్డు పక్క గొడుగు కింద అమ్మే ముద్రలేని డొప్ప పోలీసును తప్పించుకోవడానికే తప్ప తలను తప్పించదు. వెనుక కూర్చునేవారికీ ఒకటి కొనండి. చీలమండను కప్పే బూట్లు, చేతి తొడుగులు ఉండాలి. రాళ్లదారిలో ముందుగా దెబ్బతినేవి పాదమూ అరచేయీ.

తరువాత నేర్చుకోవడం. మొదటి నెల కొండకు వెళ్లవద్దు. కోత అయిపోయిన ఖాళీ పొలంలోనో, ఊరి మైదానంలోనో మెల్లగా తిప్పండి. రాళ్లమీద ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, చేతులు బిగించకుండా నడపడం అలవాటు చేసుకోండి. నిలబడితే మన బరువు సీటు మీద నుంచి కిందికి దిగుతుంది, బండి కింద ఎగిరినా మనం ఎగరం. చూపు చక్రం ముందున్న రాయి మీద కాక, పోవలసిన చోట ఉండాలి. చూసినచోటికే బండి పోతుంది. గులకరాళ్ల దిగుడులో బ్రేకు గట్టిగా నొక్కవద్దు. ఏబీఎస్ ఉన్నా అటువంటి నేలమీద బండి ఆగే దూరం పెరుగుతుంది. చిన్న గేరులో ఇంజను పట్టుతోనే దిగండి. ఇసుకలో టైరు గాలి కొంచెం తగ్గించండి, తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపండి. చేతి పంపు ఒకటి దగ్గర ఉండాలి.

గెడ్డ దగ్గర మాత్రం ఒకటే నియమం. ముందు కర్ర పట్టుకుని నడిచి చూడాలి. నీరు మోకాలు దాటినా, అడుగు కనిపించకపోయినా, పైన కొండమీద మబ్బు పట్టినా దిగకూడదు. కిందటి శ్రావణమాసంలో ఒక పెద్దాయనకు చివరి ఘడియలని కబురు వచ్చి బయలుదేరాను. రెండో గెడ్డ ఎర్రగా పొంగుతోంది. బండికి బలముంది, నాకు ఆత్రముంది. అయినా ఇవతల ఒడ్డున రాతిమీద గంటన్నర కూర్చున్నాను. నీరు తగ్గిన తరువాత బండిని అక్కడే విడిచి, అవతల నుంచి వచ్చిన కుర్రవాళ్ల చేయి పట్టుకుని దాటి నడిచాను. నేను వెళ్లేసరికి ఆయన ఇంకా కళ్లు తెరిచే ఉన్నారు. నా చేయి పట్టుకుని ముందుగా అడిగిన మాట, "గెడ్డ ఎలా దాటారు అయ్యగారూ?" అని. ఆగి దాటానన్నాను. ఆయన తల ఊపారు. తెల్లవారకముందే ప్రభువునందు నిద్రించారు.

యౌవనస్థులారా, మంచి బండి అంటే ఎక్కడికైనా తీసుకుపోయేది అనుకుంటున్నారు. కాదు. మీ కాలికి అందేది, మీ చేతితో లేచేది, మీ సంపాదనతో బాగుపడేది, ఆపమంటే ఆగేది మంచి బండి. అటువంటిదాన్ని ఎంచుకోండి. తల్లిదండ్రులారా, వద్దని కసరడం కంటె కొడుకుతోపాటు షోరూముకు వెళ్లి, వాడు ఆ బండి మీద కూర్చున్నప్పుడు పాదం నేలకు ఆనుతుందో లేదో మీ కళ్లతో చూడండి. హెల్మెట్టు పట్టీ బిగించే అలవాటును మొదటి రోజే చేయించండి.

మీ రాకపోకలన్నిటిలో దేవుడు మిమ్మును కాపాడును గాక.